సహకార సర్వర్లలో తీవ్ర భద్రతాలోపము – ప్రతిక్రియ

ఒక సంస్థలోని ఉద్యోగులు పరస్పరము పత్రములు వ్రాసికొనుటకును, ఉత్తరప్రత్యుత్తరములు జరుపుటకును, ఫైళ్లు పంచుకొనుటకును, పనుల జాబితాలను నడపుకొనుటకును ఉపయోగించు సాధనమును సహకార సాఫ్ట్‌వేరు అందురు. దానిని పరుల క్లౌడ్‌లో అద్దెకు తీసికొనక, ఆ సంస్థయే తన సొంత సర్వరుపై నెలకొల్పి తన మనుష్యులచేతనే నడపించుకొనుట స్వీయనిర్వహణ పద్ధతి. అట్లాసియన్ వారి కాన్‌ఫ్లుయెన్స్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్, షేర్‌పాయింట్, ఇంకను గిట్‌ల్యాబ్, నెక్స్ట్‌క్లౌడ్, ఓన్‌క్లౌడ్, జింబ్రా మొదలగునవి ఈ తెగలోనివి. వీనిలో దేనియందైనను, పాస్‌వర్డు లేని అపరిచితుడు సైతము ఇంటర్నెట్‌పై నుండి సర్వరును వశపఱచుకొనుటకు వీలిచ్చు దోషము బయటపడినపుడు, దాని నిర్వాహకులు గంటలలోను, దినములలోను చేయవలసిన కార్యములను గూర్చి, గడచిన కొన్ని యేండ్లలో నిజముగా జరిగిన సంఘటనల ఆధారమున ఈ వ్యాసము వివరించును.

దోషములకు వరుస సంఖ్యల నిచ్చు సి.వి.ఇ. పద్ధతిని అమెరికాలోని మైటర్ సంస్థ 1999లో ఆరంభించెను. తీవ్రతను సున్న మొదలు పది వఱకు కొలుచు సి.వి.ఎస్.ఎస్. అను మానము 2005లో వెలువడెను, దానిలో 9.0 మొదలుకొని పైనున్న దోషములు క్రిటికల్ తరగతికి చెందును. అయితే ఈ అంకెను చూచియే పనుల వరుసను నిర్ణయించుకొనువారు తఱచుగా పొరపడుదురు. పదికి పది వచ్చియు ఎవరి చేతను ఇంకను వాడబడని దోషముకంటె, తొమ్మిదికి చేరకయే ఈసరికే హ్యాకర్ల చేతిలో ఆయుధమైన దోషము ముందుగా చూడదగినది. ఈ భేదమును గుర్తించియే అమెరికా ప్రభుత్వపు సైబర్ భద్రతాసంస్థ సిసా, నిజముగా దుర్వినియోగమగుచున్న దోషములకు మాత్రమే 2021 నవంబరులో ఒక ప్రత్యేక పట్టికను నెలకొల్పి, ఫెడరల్ కార్యాలయములు వానిని గడువులోపల సరిచేయవలెనని శాసించెను.

సహకార సర్వర్లపై హ్యాకర్లకు ఇంత మక్కువ కలుగుటకు కారణము స్పష్టము. బ్యాంకు లెక్కల సర్వరులో లెక్కలు మాత్రమే యుండును. కాన్‌ఫ్లుయెన్స్ వంటి వికీలోనో, మెయిల్ సర్వరులోనో సంస్థ యొక్క సమస్తస్మృతియు నుండును. నెట్‌వర్క్ చిత్రములు, ఒప్పందముల ముసాయిదాలు, జీతముల పట్టికలు, విడుదల కాని ఉత్పత్తుల ప్రణాళికలు అచటనే దొరకును. కొత్తగా చేరిన ఉద్యోగికి సులభముగా నుండునని ఎవరో పుణ్యాత్ములు ఒక పుటలో వ్రాసి పెట్టిన డేటాబేస్ పాస్‌వర్డు లేని వికీ అరుదు. అదియునుగాక, ఈ సర్వరు సంస్థ యొక్క లాగిన్ వ్యవస్థతో ముడివడియుండును. ఇంటినుండి పనిచేయువారికి అందవలెనను తలంపుతో ఇంటర్నెట్‌కు ముఖాముఖిగా నిలిచియుండును.

క్లౌడ్ పద్ధతిలో దోషము తెలిసిననాడు తయారీదారుడే సర్వర్లన్నిటిని సరిచేయును. వాడుకరి నిద్రలేచునప్పటికి పని ముగిసియుండును. స్వీయనిర్వహణమందు ప్యాచ్‌ను, అనగా దోషమును సరిచేయు సవరణను, ప్రకటించుటతో తయారీదారుని పాత్ర చాలవఱకు తీరిపోయి, తక్కిన భారమంతయు వేలకొలది సంస్థలలోని నిర్వాహకులపై బడును. ఇందొక వైపరీత్యము గలదు. ప్యాచ్ ప్రకటనమే దోషమునకు దారి చూపును: సరిచేసిన ఫైలును పాతదానితో పోల్చి చూచిన నేర్పరికి, ఎచట ఏమి మార్చిరో, తన్మూలమున ఎచట ఏ తప్పు ఉండెనో సులభముగా అవగతమగును. కావున ప్రకటన వెలువడిన క్షణమునుండి నిర్వాహకునికిని హ్యాకరుకును పందెము మొదలగును; ఆ పందెములో హ్యాకరుకు సెలవుదినములు లేవు. 2021 ఆగస్టు 25న కాన్‌ఫ్లుయెన్స్‌లో ప్రకటితమైన సి.వి.ఇ.-2021-26084 విషయమున, పది దినములు తిరుగకముందే దాడులు వెల్లువెత్తగా, అమెరికా సైబర్ కమాండ్ లేబర్ డే సెలవులకు ముందు శుక్రవారమునాడు, ఈ పనిని వారాంతము దాటనీయరాదని బహిరంగముగా హెచ్చరించవలసి వచ్చెను. మఱుసటి యేడు అదే సాఫ్ట్‌వేరులో సి.వి.ఇ.-2022-26134 కనుగొనబడినది అమెరికాలో మెమోరియల్ డే సెలవు వారాంతమున. మన దేశమునకు అన్వయించి చెప్పవలెనన్న, సంక్రాంతికి నిర్వాహకులు ఊళ్లకు పోయిన మూడునాళ్లే ఇట్టి దాడులకు అనువైన ముహూర్తము.

ప్రతిక్రియా స్వరూపమును సాంగముగా తెలిసికొనుటకు 2023 అక్టోబరునాటి కాన్‌ఫ్లుయెన్స్ ఉదంతము మిక్కిలి ఉపకరించును. ఆ నెల 4వ తేదీన ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ, తన కాన్‌ఫ్లుయెన్స్ డేటా సెంటర్, సర్వర్ రూపములలో సి.వి.ఇ.-2023-22515 అను దోషము కలదనియు, కొందఱు ఖాతాదారుల సర్వర్లలో అపరిచితులు దాని నాధారముగా జేసికొని అడ్మిన్ ఖాతాలను సృష్టించుకొనినట్లు తెలియవచ్చినదనియు ప్రకటించెను. తీవ్రత పదికి పది. 8.0.0కు పూర్వపు సంచికలకు (వెర్షన్లకు) ఈ దోషము లేదు. అట్లాసియన్ తానే నడపు క్లౌడ్ స్థలములకును లేదు. 8.3.3, 8.4.3, 8.5.2 సంచికలలో సవరణ చేయబడెను. చైనాతో సంబంధము గలదని తాను భావించు స్టార్మ్-0062 అను బృందము సెప్టెంబరు 14 నుండియే ఈ దోషమును వాడుచున్నదని మైక్రోసాఫ్ట్ కొలది దినములకు వెల్లడించెను. అనగా ప్రకటన వెలువడిననాటికే ఇరువది దినముల దాడి గడచిపోయినది. ఆనాటి సాయంకాలమే ప్యాచ్ వేసిన అతిజాగరూకుడైన నిర్వాహకుడు సైతము ఆలస్యమైనవాడే కావచ్చును.

దోషము పనిచేయు తీరు విచిత్రమైనది. కాన్‌ఫ్లుయెన్స్‌ను తొలుత నెలకొల్పునపుడు సెటప్ అను ఘట్టము నడచును. అందులోని చివరి మెట్లలో సర్వరు, ప్రధాన అడ్మిన్ పేరును పాస్‌వర్డును నిర్ణయింపుడని యడుగును. సెటప్ ముగిసినదను గుర్తు ఒక అంతరంగ విలువలో భద్రమై, తరువాత ఆ పుటలు మూతపడును. బయటినుండి వచ్చు కోరికలలోని (రిక్వెస్టులలోని) పేరామీటర్లను సర్వరు అంతర్భాగములకు అనుసంధించు యంత్రాంగములో నుండిన అజాగ్రత్తవలన, అపరిచితుడు ఒక సామాన్యమైన కోరికకు చిన్న తోక తగిలించి పంపి, సెటప్ ఇంకను ముగియలేదని ఆ విలువను మార్చివేయగలిగెను. పిమ్మట ఏండ్ల తరబడి నడచుచున్న ఆ సర్వరు, తాను ఆనాడే పుట్టినట్లు భ్రమించి, అడ్మిన్‌గా నెవరిని నియమింపవలెనని ఆ అపరిచితునినే వినయముగా అడిగెను. పాస్‌వర్డును ఛేదించు ప్రయాసయే లేదు.

ఇట్టి ప్రకటన చేతికందినపుడు నిర్వాహకుడు మొదట విచారింపవలసినది తన సర్వరు సంచిక ఏది, అది ఇంటర్నెట్‌కు కనబడుచున్నదా లేదా యను రెండు విషయములు. ఇవి సులభములుగా తోచును గాని, పెద్ద సంస్థలలో ఎవరో ఒక విభాగమువారు పరీక్షకని నెలకొల్పి మఱచిన రెండవ సర్వరు, మూడవ సర్వరు దొరకుచునే యుండును. జాబితా లేని చోట ప్రతిక్రియ గ్రుడ్డిగా సాగును. కనబడుచున్నయెడల, ప్యాచ్ సిద్ధముగా నున్నను లేకున్నను, ముందుగా సర్వరును బయటి ప్రపంచమునుండి వేఱుచేసి, వి.పి.ఎన్. వెనుకకో, ఫైర్‌వాల్ చాటునకో చేర్చుట ఉత్తమము. 2022 జూన్ 2న సి.వి.ఇ.-2022-26134ను ప్రకటించునాటికి ప్యాచ్ ఇంకను తయారుకాలేదు. ఇంటర్నెట్‌నుండి తొలగించుడు, లేదా సర్వరునే ఆపివేయుడు అని అట్లాసియన్ నిర్మొగమాటముగా చెప్పెను. మఱునాటికే రాకపోకలను అడ్డగింపవలెనని సిసా ఫెడరల్ కార్యాలయములను ఆదేశించెను. సర్వరును ఆపుటవలన కలుగు పనినష్టము కంటికి కనబడును, ఆపకుండుటవలన కలుగు నష్టము కనబడదు. అందువలననే పై యధికారులు ఇచటనే తటపటాయింతురు. సర్వరును ఆపు నధికారము ఎవరిదో ముందుగానే నిర్ణీతమై యుండని సంస్థలలో, ఆ తటపటాయింపునకే మొదటి రాత్రి ఖర్చగును.

తాత్కాలికోపాయములు అనేకము. 22515 విషయమున, సెటప్ అను మాటతో మొదలగు చిరునామాలన్నిటిని వెబ్ సర్వరు స్థాయిలోనే మూసివేయుమని సలహా నిచ్చిరి. 26134 విషయమున, డాలరు గుర్తుతో మొదలగు ఒక చిహ్నద్వయము గల చిరునామాలను వెబ్ ఫైర్‌వాల్‌తో అడ్డుకొనుమనిరి. ఇవి కాలహరణమునకు పనికివచ్చును; ప్యాచ్‌కు బదులు కానేరవు.

ఇక ప్యాచ్ వేయుటకును, చొరబాటు జరిగినదా యని విచారించుటకును గల భేదము ఈ విషయమంతటిలో కేంద్రభూతమైనది. ఈ రెండును వేర్వేఱు కార్యములు. మొదటిదానిని ముగించి రెండవదియు ముగిసినట్లు భావించుటయే సంస్థలు తఱచుగా చేయు ప్రమాదకరమైన పని. 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వరులోని నాలుగు దోషములకు ప్యాచ్‌లను విడుదల చేసెను. వానిలో ప్రధానమైన సి.వి.ఇ.-2021-26855ను తైవాన్‌కు చెందిన డెవ్‌కోర్ సంస్థ పరిశోధకులు 2020 డిసెంబరులో కనుగొని, జనవరి 5న మైక్రోసాఫ్ట్‌కు తెలిపి, ప్రాక్సీలాగన్ అని పేరిడిరి. అప్పటికే దానిని వాడుచున్న బృందమును చైనా ప్రభుత్వాశ్రితమని తలచి మైక్రోసాఫ్ట్ హాఫ్నియం అని పేర్కొనెను. ప్యాచ్ వెలువడిన వారము దాటకముందే పదికి పైగా బృందములు అదే పనిలో దిగినట్లు ఈసెట్ సంస్థ తెలిపెను. యూరపియన్ బ్యాంకింగ్ అథారిటీ తన మెయిల్ వ్యవస్థను ఆపివేసికొనెను. నార్వే పార్లమెంటు తన దత్తాంశములు బయటికి పోయినవని ప్రకటించెను. వీరందఱి సర్వర్లలోనికి ప్రవేశించినవారు వెబ్‌షెల్ అను చిన్న ఫైళ్లను విడిచిపోవుచుండిరి. తరువాత ఎప్పుడు కావలసినను బయటినుండి ఆజ్ఞలు పంపుటకు అవి సాధనములు. ప్యాచ్ వాని జోలికి పోదు. దొంగ ఇంటిలో దాగియుండగా వీథితలుపునకు కొత్త గడియ బిగించినట్లే యైనది.

దీని యుత్తరకథ మఱింత బోధకమైనది. ఏప్రిల్ నాటికిని వందలకొలది అమెరికా సర్వర్లలో వెబ్‌షెల్‌లు మిగిలియుండగా, ఎఫ్.బి.ఐ. కోర్టు అనుమతిని పొంది, ఆ వెబ్‌షెల్‌ల ద్వారముననే వానిని అవియే చెఱుపుకొనునట్లు ఆజ్ఞను పంపెను. ఆ సంగతిని న్యాయశాఖ 13వ తేదీన ప్రకటించెను. యజమానుల ఎఱుక లేకయే వారి సర్వర్లపై ప్రభుత్వము చేయివేయుట తగునా యను చర్చ అటుంచి, ఆ ప్రకటనలోనే ఒక మాట గమనింపదగియున్నది: ఈ చర్యవలన సర్వర్లకు ప్యాచ్ వేయబడలేదు, వేఱే దుష్టసాఫ్ట్‌వేరు ఉన్నయెడల అది వెదకబడలేదు. ప్యాచ్ వేసి వెబ్‌షెల్‌ను విడిచినవా రొకవైపు, వెబ్‌షెల్‌ను తీసి ప్యాచ్‌ను విడిచిన చర్య యొకవైపు. రెంటిని కలిపినగాని పని పూర్తికాదు.

విచారణకు, సర్వరు తన కార్యములను నమోదు చేయు లాగ్‌లే ప్రాణము. 22515 విషయమున అట్లాసియన్ పేర్కొనిన ఆనవాళ్లు నాలుగు: అడ్మినిస్ట్రేటర్ల సమూహములో ఎఱుగని సభ్యులు, క్రొత్తగా పుట్టిన ఖాతాలు, రాకపోకల లాగ్‌లలో సెటప్ పుటలకు వచ్చిన కోరికలు, భద్రతా లాగ్‌లోని దోషసందేశములలో ఆ పుటల ప్రస్తావన. వీనిలో ఒక్కటి కనబడినను సర్వరు పరహస్తగతమైనదని భావించి నడచుకొనవలెను. కాని హ్యాకర్లు లాగ్‌లను చెఱుపుదురు. 2022లో వొలెక్సిటీ సంస్థ పరిశీలించిన కాన్‌ఫ్లుయెన్స్ సర్వరులో ఆక్రమణకారులు తమ మొదటి సాధనమును డిస్కుపై వ్రాయక మెమరీలోనే నిలిపిరి. పిమ్మట వాడుకరుల పట్టికలను తీసికొని, వెబ్ లాగ్‌లను మార్చిరి. మెమరీలో నున్నది సర్వరును పునఃప్రారంభించిన క్షణముననే మాయమగును. సాక్ష్యమును దానితోడనే పోవును. కావున మెమరీ ప్రతిని, డిస్కు ప్రతిని భద్రపఱచిన పిమ్మటనే ప్యాచ్ వేసి పునఃప్రారంభించుట శాస్త్రసమ్మతము. ఆతురతలో మొదట రీస్టార్ట్ చేయు నిర్వాహకుడు, తెలియకయే హ్యాకరుకు శుభ్రపఱచు పనిలో తోడ్పడినవాడగును. లాగ్‌లు అదే సర్వరుపై గాక వేఱొక యంత్రమునకు ఎప్పటికప్పుడు చేరుచున్నయెడల ఈ బెంగ చాలవఱకు తీరును.

కొన్ని దోషములు సర్వరునుగాక సర్వరు రహస్యములను దొంగిలించుటకు తోడ్పడును. అచట ప్యాచ్ మఱింత అసంపూర్ణము. 2025 మే నెలలో బెర్లిన్‌లో జరిగిన ప్వన్2ఓన్ పోటీలో ప్రదర్శితమైన షేర్‌పాయింట్ దోషములకు మైక్రోసాఫ్ట్ జులై 8న ప్యాచ్ విడుదల చేయగా, దానిని తప్పించుకొను క్రొత్త మార్గమొకటి బయలుదేరి, జులై 18 నాటికి దాడులు కనబడెను. ఇదియే టూల్‌షెల్ అని ప్రసిద్ధమైన సి.వి.ఇ.-2025-53770. ఇందు ప్రవేశించినవారు సర్వరు యొక్క మెషీన్ కీలను ఎత్తుకొనిపోవుచుండిరి. వాడుకరి బ్రౌజరునుండి తిరిగివచ్చు దత్తాంశము నిజముగా తానిచ్చినదే యని సర్వరు నిర్ధారించుకొనునది ఆ కీలతోడనే. అవి చేతనున్నవాడు, ప్యాచ్ పడిన పిమ్మటను, సర్వరు నమ్మునట్టి కూటదత్తాంశమును సృష్టింపగలడు. అందువలన ప్యాచ్‌తో పాటు కీలను మార్చి వెబ్ సర్వరును పునఃప్రారంభింపవలెనని మైక్రోసాఫ్ట్ ప్రత్యేకముగా నొక్కి చెప్పెను. 2023 నవంబరులో ఓన్‌క్లౌడ్‌లో బయటపడిన సి.వి.ఇ.-2023-49103 ఇట్టిదే: ఒక అనుబంధ యాప్‌లో మిగిలిపోయిన పరీక్షాఫైలు, అడిగినవారికెల్ల సర్వరు పరిసరవివరములను చూపుచుండెను, కంటైనర్లలో నెలకొల్పినచోట ఆ వివరములలో అడ్మిన్ పాస్‌వర్డు, మెయిల్ సర్వరు పాస్‌వర్డు సైతము చేరియుండెను. ఆ యాప్‌ను నిలిపివేసినంతమాత్రమున చాలదు, ఫైలును తొలగించి రహస్యము లన్నిటిని మార్చుడని తయారీదారులు చెప్పిరి.

రహస్యములను మార్చు పని ఎంతవఱకు పోవలెననుటకు జెన్‌కిన్స్ బృందము చక్కని దృష్టాంతము. ఆ స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు ప్రాజెక్టువారు వాడుక మాని చాలకాలముగా చదువుటకు మాత్రమే ఉంచిన పాత కాన్‌ఫ్లుయెన్స్ సర్వరు 2021 సెప్టెంబరులో చొరబాటునకు గుఱియైనది; వచ్చినవారు అందులో మొనేరో నాణెములను త్రవ్వు ప్రోగ్రామును మాత్రమే పెట్టిరి. ‘అంతేకదా’ యని ఊరకుండవచ్చును. కాని ఆ సర్వరు ప్రాజెక్టు యొక్క ఉమ్మడి లాగిన్ వ్యవస్థతో ముడివడియున్నదని గ్రహించి, వారు కాన్‌ఫ్లుయెన్స్‌ను శాశ్వతముగా మూసివేసి, ఖాతాలన్నిటి పాస్‌వర్డులను రద్దుచేసి, విశేషాధికారములు గల కీలను మార్చి, విశ్వాసశృంఖల మరల నెలకొనువఱకు క్రొత్త విడుదలలను నిలిపి, జరిగినదంతయు 4వ తేదీననే లోకమునకు తెలిపిరి. మూలపడిన సర్వరే మొదట కూలినదనుట గమనింపదగినది. వాడని సర్వరుకు ప్యాచ్ వేయవలెనని ఎవరికి తోచును?

బ్యాకప్ అన్నివేళల ఆదుకొనునను ధైర్యమును 2023 అక్టోబరు 31న ప్రకటితమైన సి.వి.ఇ.-2023-22518 సడలించెను. ఈమాఱు దోషము కాన్‌ఫ్లుయెన్స్‌లోని పునరుద్ధరణ యంత్రాంగములోనే యుండెను: అపరిచితుడు తాను తెచ్చిన బ్యాకప్ ఫైలును ఎక్కించి, ఉన్న విషయమునంతటిని తుడిచిపెట్టి, తన అడ్మిన్ ఖాతాతో సర్వరును క్రొత్తగా నిలుపుకొనవచ్చును. మొదట 9.1గా నిర్ణయించిన తీవ్రతను, సెర్బర్ అను రాన్సమ్‌వేర్ దాడులు కనబడిన పిమ్మట, నవంబరు 6న పదికి పెంచిరి. సర్వరుకు అందని చోట, నెట్‌వర్క్‌తో సంబంధము లేని బ్యాకప్ ప్రతి యొకటి ఉండవలెననుట ఇందువలననే. బ్యాకప్‌నుండి మరల నిలుపునపుడు చొరబాటు తేదీకి పూర్వపు ప్రతినే యెన్నుకొనవలెను. ఆ తేదీ తెలియుటకు మరల లాగ్‌లే శరణ్యము.

సంచికల విషయము సంక్షేపముగా చెప్పదగినది. 2024 జనవరి 16న పదికి పది తీవ్రతతో ప్రకటింపబడిన సి.వి.ఇ.-2023-22527 కాన్‌ఫ్లుయెన్స్ యొక్క పాతబడిన 8.x సంచికలకే వర్తించెను, డిసెంబరులోనే 8.5.4కు మారినవారు తమ కెఱుక లేకయే రక్షితులైరి. గిట్‌ల్యాబ్‌లో 2021 ఏప్రిల్‌లో సవరింపబడిన సి.వి.ఇ.-2021-22205 విషయమున, ఆఱునెలలు గడచిన పిమ్మట ర్యాపిడ్7 సంస్థ పరిశీలింపగా, ఇంటర్నెట్‌కు కనబడు సుమారు 60,000 సర్వర్లలో సగము ఇంకను ప్యాచ్ లేకయే యుండెను. బహుకాలముగా వెనుకబడిన సర్వరును అత్యవసరదినమున ఒక్కమాఱుగా నాలుగు సంచికలు దాటించుట ఎంత కష్టమో ఆ పనిని చేసినవారికే తెలియును. ఎక్స్ఛేంజ్ విషయమున మైక్రోసాఫ్ట్ ఈ బాధను గుర్తించి, గడువు తీరిన సంచికలకు సైతము 2021 మార్చి 8న ప్యాచ్‌లను విడుదల చేయవలసివచ్చెను.

ప్రతిక్రియాకాలపు సమాచార వినిమయమున ఒక చిక్కు కలదు. అత్యవసర కార్యప్రణాళిక, బాధ్యుల ఫోను సంఖ్యలు, కీల జాబితా ఇత్యాదులను సంస్థలవారు సాధారణముగా తమ వికీలోనే వ్రాసికొందురు. వికీని ఆపిన క్షణముననే అవియు అదృశ్యములగును. మెయిల్ సర్వరే చొరబాటునకు గుఱియైనపుడు ఆ మెయిల్‌లోనే ప్రతిక్రియను చర్చించుట హ్యాకరును సభకు పిలుచుటయే. కాగితముపై నొక ప్రతి, వేఱొక సందేశమార్గము ముందుగా ఏర్పఱచుకొనుట చిన్నపనియే గాని, పెక్కుమంది చేయరు.

చట్టబాధ్యతలు దేశమును బట్టి మాఱును. మన దేశమున, ఐ.టి. చట్టములోని 70-బి సెక్షను క్రింద సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము, అందు పేర్కొనిన సైబర్ సంఘటనలను గుర్తించిన ఆఱు గంటలలోపల ఆ సంస్థకు తెలుపవలెను. లాగ్‌లను 180 దినములు భద్రపఱచవలెను. సర్వర్ల గడియారములను నిర్దిష్ట కాలసూచికలతో సరిపోల్చుకొనవలెను. ఈ తుదిమాట చిన్నదిగా తోచును గాని, రెండు సర్వర్ల గడియారములు ఏడు నిమిషములు తేడాగా నడచినచో ఏ ఘటన ముందు జరిగినదో తేల్చుట అసాధ్యమగును. యూరపులో వ్యక్తిగత దత్తాంశములకు భంగము కలిగినట్లు తెలిసిన 72 గంటలలో నియంత్రణాధికారికి తెలుపవలెను. ఆఱు గంటలలో పూర్ణవిచారణ ఎవరికిని సాధ్యము కాదు. తెలిసినంత తెలిపి, తక్కినది పిమ్మట చేర్చుటయే ఆచరణయోగ్యము.

స్వీయనిర్వహణ భారమునుండి ఖాతాదారులను తమ క్లౌడ్‌కు మరల్చుకొనుట తయారీదారుల ప్రస్తుత ధోరణి. అట్లాసియన్ తన సర్వర్ రూపమునకు 2024 ఫిబ్రవరి 15తో మద్దతును ముగించెను. ఎక్స్ఛేంజ్ 2016, 2019 సంచికలకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో తీరెను. ఆ గడువు దాటియు పాత సర్వరును నడపువారికి రాబోవు దోషమునాడు ప్యాచ్ రాకపోవచ్చును. వారికి మిగులు ప్రతిక్రియ సర్వరును ఆపుటయే. మఱియొకవైపు, దత్తాంశములు తమ యధీనములోనే యుండవలెనను పట్టుదలతో స్వీయనిర్వహణనే యెంచుకొనుచున్నవారును గలరు. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రప్రభుత్వము 2025 అక్టోబరు నాటికి 40,000కు పైబడిన మెయిల్ పెట్టెలను ఎక్స్ఛేంజ్‌నుండి ఓపెన్-ఎక్స్ఛేంజ్‌కు తరలించినది. షేర్‌పాయింట్ స్థానమున అచట నెక్స్ట్‌క్లౌడ్ వచ్చుచున్నది.